లోపల – కాటా – రాత్రి

మొదటి టేకు తుమ్ముతో పోయింది.
రెండోదీ అంతే.
మిర్చి యార్డులో సినిమా తీసేవాడు
ముందు ముక్కుకి నటన నేర్పాలి
అన్నాడు బెంజిమిన్, కళ్ళు తుడుచుకుంటూ.

నాది పెళ్ళిళ్ళ కెమెరా.
కొత్తపేటలో మూడు కల్యాణమండపాల
జీలకర్రా బెల్లం నా కార్డుల్లోనే ఉంది.
అందరూ పట్టాలి, అందరూ నవ్వాలి, లైటు తగ్గకూడదు.
నాకు తెలిసిన వ్యాకరణం అంతే.

కథ చిన్నది.
టిక్కీకి కిలోన్నర మింగేస్తోందని కాటా మీద అనుమానం.
తొడిమలు తీసే ఒక మనిషి
బియ్యం కొట్టు నుంచి ఇరవై కిలోల తూకపురాయి అరువు తెచ్చి
గుమస్తా టీకి పోయిన ఆరు నిమిషాల్లో
తూచి చూడాలి.

చేసేది నాంచారమ్మ.
పగలంతా ఇదే యార్డులో నిజంగానే తొడిమలు తీస్తుంది.
“నేనేం మాట్లాడాలయ్యా?” అంటే
“ఏం వద్దు, భయపడు చాలు” అన్నాం.
“దానికి డబ్బులు కూడా ఇస్తారా!” అని నవ్వింది.

ముందు వైడు పెట్టించాడు.
టిక్కీల గుట్టల మధ్య సందు, సందు చివర ఒక బల్బు,
బల్బు కింద ఆవిడ, చిటికెన వేలంత.
ఏమీ జరగదు.
“కట్ చెప్పవేంరా?”
“ఖాళీ ఎంతుందో చూడనీ.
ఎటునుంచైనా రావచ్చు కదా, ఎవడైనా.”
అప్పట్నుంచి నాకూ
గోతాలు గోతాల్లా కనిపించడం మానేశాయి.

తర్వాత మోకాళ్ళ దాకా, ఆ తర్వాత నడుం దాకా,
అడుగడుక్కీ ఆవిడ చుట్టూ యార్డు చిక్కిపోయి
ఆఖరికి ఫ్రేములో పారిపోడానికి దారే లేదు.
పెళ్ళిలో దగ్గరికెళ్తే మనిషి ముస్తాబవుతుంది.
ఇక్కడ మెడ మీద నరం కనిపించింది,
గోళ్ళ సందుల్లో ఏ సబ్బుకీ లొంగని ఎరుపు.
రాయిని కాటా మీద దించింది, ఊపిరి బిగబట్టి.
ఇనుముకి ఇనుము తగిలింది,
కుంకుమ భరిణె మూత పడ్డంత చప్పుడు.

“అంకె మీద ఒక ఇన్సర్టు తీద్దామా?”
“వద్దు. అంకె చూపిస్తే జనం లెక్క వేసుకుంటారు.
చూపించకపోతే ఆవిడ మొహంలో వెతుక్కుంటారు.”

ఆఖరున నన్ను గోతాల వెనక్కి తోశాడు.
స్టాండు లేదు, చేతుల్లోనే.
“నువ్విప్పుడు కెమెరామేన్‌వి కాదు. చూస్తున్నావంతే.
ఎవరివో నాకూ తెలీదు.”

రెండు టిక్కీల సందులోంచి చూశాను.
ఘాటుకి గొంతు మండుతోంటే దగ్గు మింగాను.
నా ఊపిరికి ఫ్రేము కొంచెం కొంచెం ఊగుతోంది.
ఆ ఊపు నాది కాదనిపించింది.
ఎవడో లావుపాటి మనిషిది,
చెప్పులు చేతబట్టుకుని వచ్చినవాడిది.

నాంచారమ్మ వెనక్కి తిరిగింది.
స్క్రిప్టులో లేదు.
లెన్సులోకే చూసింది.
“ఏం లేదయ్యా, ఊరికే” అంది,
ఎవరితోనో, పాత అలవాటుగా.
అరచేత్తో రాయిని కప్పింది,
అరచేతిలో దాగేదైనట్టు.

బెంజిమిన్ కట్ చెప్పలేదు.
నేను కెమెరా దించలేదు.
ఎందుకు దించలేదో
ఆ తర్వాత చాలా మండపాల్లో, తలంబ్రాల మధ్య, ఆలోచించాను.

తెల్లారుజామున లారీలు రాకముందే సర్దేశాం.
కూలి లెక్కపెట్టుకుని, చిరిగిన నోటొకటి మార్పించుకుని,
ఆవిడ అడిగింది:
“ఇంతకీ కాటా ఎంత చూపించిందయ్యా?”
షాటు వెనక్కి జరిపాను.
ఆవిడ భుజం పక్కన, మసగ్గా, ఎర్రగా కొన్ని అంకెలు.
మసకైనా మొదటి రెండూ చదవచ్చు.
“ఫోకస్‌లో లేదమ్మా” అన్నాను.

తలగుడ్డ విదిలించి చుట్టుకుంది.
“నాక్కనపడిందిలే.”
రాయి గోతంలో వేసుకుని నెత్తికెత్తుకోబోతే
సాయం పట్టాను.
ఇరవై ఉంది, నిండా.